అక్క చేసిన అప్పగింతలు

అక్క మంగళవారం పొద్దున శావల్యాపురంలో కన్నుమూసింది. తోడబుట్టింది కాదు. ఆఫ్రికాలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నాతో కలిసి సేవ చేసిన పెద్ద నర్సు. కబురు తెలిసిన కాసేపటికే మా పాత వాలంటీర్ల గ్రూపు నిండా కొవ్వొత్తుల బొమ్మలు. ఒక మహానుభావుడు తన వీడ్కోలు సభ ఫొటో పెట్టి "మిస్ యూ అక్కా" అని రాశాడు. అందులో ఆయన శాలువా కప్పుకుని నవ్వుతున్నాడు. అక్క లేదు. ఉండదు కూడా, ఆమె ఎవరి వీడ్కోలు సభకూ వెళ్ళలేదు.

ఆ సభల సంగతి చెప్పాలి. ఆరు నెలలకీ ఏడాదికీ అని వచ్చిన వాలంటీర్లు, దిగిన వారం నుంచే వెళ్ళేరోజు ఎలా ఏడవాలో చూసుకునేవాళ్లు. చివరి రోజు కేకు, శాలువా, ప్రసంగాలు. "నా మనసు ఇక్కడే వదిలి వెళ్తున్నాను" అనేవాళ్లు. నిజంగా వదిలి వెళ్ళింది సగం కట్టిన కట్లు, ఉతకని దుప్పట్లు. రోజూ తన దగ్గరికి వచ్చే మనిషి ఏమైపోయిందో మంచం మీద రోగికి తెలిసేది కాదు. కాటుక కరిగేలా ఏడ్చినవాళ్లు విమానం దిగాక ఒక్క ఫోను చేసిన పాపాన పోలేదు.

వాళ్లంటే అక్కకు ఒళ్లుమంట. "ఏడుపంతా కెమెరాకే పోశారు. మంచం మీదోళ్లకేం మిగల్చలా" అనేది.

ఆమె పద్ధతి వేరు. మన పెళ్ళిళ్లలో పిల్లను అత్తవారికి చేతిలో చెయ్యి పెట్టి అప్పగిస్తారు చూడండి, అదే. వెళ్ళేవాళ్ల రెక్క పట్టుకుని మంచం మంచానికీ తిప్పేది. ఒక్కో రోగి చెయ్యి తీసుకుని కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో పెట్టించేది. ఈమెకు గంజి చల్లారాక ఇవ్వాలి, ఈ తాత సూదంటే వణుకుతాడు అని చెప్పించేది. అవతల కేకు కోయాలని వాళ్లు గొణిగేవాళ్లు. "పల్లెటూరి సెంటిమెంటు" అని ఒక డాక్టరమ్మ మూతి విరిచింది. ఆవిడ వెళ్ళేటప్పుడు ఎవరినీ ఎవరికీ అప్పగించలేదు గానీ ప్రసంగం మాత్రం గంటసేపు ఇచ్చింది.

నేను వచ్చేసే రోజున నన్నూ తిప్పింది. చివరి మంచం మీది చిన్నపిల్ల దగ్గర నాకు ఏడుపు ఆగలేదు.

"ఏందే, ఎవురి కోసం ఆ ఏడుపు? ముక్కు తుడుచుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకో" అంది. మా వీడ్కోలు అంతే.

తర్వాత అక్క కూడా తన ఊరు శావల్యాపురం వచ్చేసింది. ఇంటింటికీ తిరిగి షుగరు పుండ్లకు కట్లు కట్టేది. నిరుడు ఆమెకే కాన్సరొచ్చింది. తన తర్వాత వీళ్లను ఎవరు చూస్తారనేదే ఆమె బెంగ. వారానికి రెండు రోజులు ఎవరైనా రాగలరా అని గ్రూపులో అడిగింది. ఈ చుట్టుపక్కలే ఐదారుగురున్నారు. నరసరావుపేటలో సొంత క్లినిక్కున్న పెద్దమనిషి చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఇంకొకామె గుండె బొమ్మ పెట్టింది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు. వాళ్ల మీద నాకున్నది అసహ్యమే, దాచుకోను.

నేను వెళ్ళాను. బస్సెక్కితే వచ్చే ఊరు, అదేమీ త్యాగం కాదు. గోడలు పట్టుకుని నడుస్తూ అక్క నన్ను నాలుగిళ్లకు తిప్పింది. మూడిళ్లలో చెయ్యి ఇచ్చారు. నాలుగో ఇంట్లో, కాలికి పుండున్న ముసలాయన చెయ్యి లాక్కున్నాడు.

"నాకెవురూ వద్దమ్మాయ్. నువ్వొస్తే కట్టించుకుంటా, లేకపోతే పురుగులు పట్టి పోతా."

"పో మామా అయితే. నీకంటే ముందు నేనే పోతన్నా. ఆడ మాత్రం ఆ కాలేసుకుని నాకు కనపడమాక!"

ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చాక అక్క మంచం మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. "ముసలోణ్ణి అప్పజెప్పలేకపోయానే" అంది.

బుధవారం సమాధి చేశాం. గ్రూపు నుంచి ఒక్కరూ రాలేదు. మట్టి ఇంకా పోస్తుండగానే వాళ్లలో ఒకరి ఫోను వచ్చింది. ఆదివారం హోటల్లో సంస్మరణ సభట, ఫ్లెక్సీ కూడా అచ్చయిందట, నేను నాలుగు మాటలు మాట్లాడాలట. ఆదివారం నాకు కట్లు కట్టే రోజు, కుదరదన్నాను. "ఒక్క గంటే కదండీ" అన్నారు. పెట్టేశాను.

అక్కడి నుంచి తిన్నగా ముసలాయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి నుంచీ అన్నం ముట్టలేదని కోడలు చెప్పింది. నేను కింద కూర్చుని దూదీ గాజుగుడ్డా తీశాను. చాలాసేపు వీధి వైపే చూశాడు. తర్వాత మొహం ఇటు తిప్పకుండానే, రెండు చేతులతో ఆ కాలు ఎత్తి నా ఒళ్లో పెట్టాడు.