ఎర్ర అట్ట పుస్తకాలు

ఊరికే టీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను. కూకట్‌పల్లి మార్కెట్లో కొత్తిమీర కట్ట ఒకటి ఎక్కువ వేసినా, లోపల కుళ్లిందేమోనని అక్కడే విప్పి చూసే మనిషిని. మా ఆయన దీన్ని రోగం అంటాడు. అలాంటి నాకు నల్లగండ్ల దాటాక అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒక సైటు దగ్గర, ప్రతి ఆదివారం అడక్కుండానే అల్లం టీ తెచ్చిపెట్టే సూపర్‌వైజర్ తగిలాడు.

నేను పనిచేసేది కొండాపూర్‌లో ఒక చిన్న ఆరోగ్య గ్రంథాలయంలో. మందులు ఇవ్వం, సూదులు వేయం. జబ్బుల గురించి మామూలు మనుషులకు అర్థమయ్యే పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటాం. సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చి నడుం నొప్పి గురించి చదువుకుని పోతారు. వాళ్లు కూర్చునే భవనాలు కట్టినవాళ్లు మాత్రం మా గడప తొక్కరు. అందుకే మేమే వాళ్ల దగ్గరికి బయలుదేరాం. ఆ సైటు వెనక రేకుల గదుల్లో దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీ కుటుంబాలు ఉంటాయి. మగవాళ్లు సెంట్రింగ్ పనికి, ఆడవాళ్లు ఇటుకలు మోయడానికి పోతారు. వాళ్ల కోసం బొమ్మల పుస్తకాలు వేయించాం. ఒక్కోదానికి ఒక చిన్న పెట్టె జోడించాం. మీట నొక్కితే పుస్తకంలో ఉన్నదంతా లంబాడీలో చెబుతుంది.

చదువు రానివాళ్లు కావలసిన పుస్తకం ఎలా ఏరుకుంటారన్న ప్రశ్న వచ్చింది. గ్రంథాలయం వాళ్లం కదా, అల్మారా సర్దినట్టే ఆలోచించాం. కాన్పులకు గులాబీ రంగు అట్ట, షుగరుకు నీలం, జ్వరాలకు పసుపు, టీబీకి ఎరుపు. మీటింగులో అందరికీ తెగ నచ్చింది.

గులాబీవి పోయాయి, పసుపువి పోయాయి. ఎర్రవాటిని ఎవరూ ముట్టుకోలేదు. సిమెంటు దుమ్ములో బతికే ఇన్ని కుటుంబాల్లో ఒక్కరికీ దగ్గు లేదంటే నేను నమ్ముతానా? పైగా నా కళ్లెదుటే ఒక బాలింత ఉండేది. నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. ఎర్ర పుస్తకాల వైపు చూసేది, నేను చూస్తే తల తిప్పుకునేది. ఆమె చంటిపిల్ల ఎప్పుడూ అత్త ఒళ్లోనే ఉండేది. ఆ ముసలామె గ్లాసులో ప్యాకెట్ పాలు పోసుకుని చెంచాతో పట్టేది. పిల్ల ఏడ్చినప్పుడల్లా బాలింత రవిక తడిసిపోయేది. అయినా దగ్గరికి వచ్చేది కాదు.

సూపర్‌వైజర్ మాత్రం మా బల్ల పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పుస్తకం ముట్టుకోడు, మనుషుల్ని చూస్తాడు. ఏ రంగుది ఎక్కువ పోతోందని నవ్వుతూ అడిగేవాడు. ఒక ఆదివారం సెంట్రింగ్ పనివాడొకడు ధైర్యం చేసి ఎర్రది తీసుకెళ్లాడు. పై వారానికి వాళ్ల గదికి తాళం ఉంది. ఏమయ్యాడంటే, పండగకని ఊరికి పోయాడన్నాడు సూపర్‌వైజర్. ఇంటికి వచ్చి క్యాలెండరు తిరగేశాను. దగ్గరలో ఏ పండగా లేదు.

తర్వాతి ఆదివారం తాగే నీళ్లు కావాలనే వంకతో ముసలామె గదికి వెళ్లాను. ఆ గదులన్నిటికీ ఆమే పెద్దదిక్కు. నీళ్లిచ్చింది గానీ కూర్చోమనలేదు. జీతం ఎవరిస్తారని అడిగింది, ఫోనులో ఫొటోలు తీస్తున్నానా అని అడిగింది. నేను ఎవరికైనా వేసే ప్రశ్నలే అవి. అవి నామీదికే వస్తే ఒళ్లు మండింది.

"ఏంటవ్వా, నా మీద అనుమానమా?" అన్నాను.

"వాని చాయ్ తాగుతున్నవు గద" అంది తాపీగా. "ఎర్ర బుక్కు కొంటబోయినోని సామాను మంగళారం బయట పడేసిండు. దగ్గు బీమారోడు ఉంటే అందరికి అంటుకుంటదట, పని ఆగుతదట. రంగులేసి మమ్ముల వానికి పట్టిచ్చేది నువ్వే అనుకున్నం."

దూరం నుంచి చూసి ఎవరి జబ్బేమిటో చెప్పేయొచ్చు, అంత చక్కగా రంగులు వేసి పెట్టాం. అట్టలన్నీ ఒకే రంగుకు మార్పిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఉన్నట్టుండి మారిస్తే వాడికి ఇంకా అనుమానం వస్తుందంది. వాళ్ల తండాలో పిల్లలకు అమ్మవారు పోసినప్పటి సంగతి చెప్పింది.

"ఒక్క ఇల్లు మొక్కదు. సీత్లా తల్లికి తండా తండా మొక్కుతది. ఎవలింట్ల పోసిందని ఎవ్వరు అడగరు. వచ్చే ఐతారం ఇంటికొక్కటి సరిపోయేటట్టు ఎర్రయి తే."

కొండాపూర్ తిరిగి వస్తూ దారంతా గొణుక్కున్నాను. ఇన్ని పుస్తకాలు తెమ్మంటోంది, పాత కాగితాల వాడికి వేస్తారేమో, పెట్టెల్లో బ్యాటరీలు పీక్కుంటారేమో. అయినా ఆఫీసులో గొడవపడి మరీ ఎర్రవన్నీ మూట కట్టించాను.

ఆ ఆదివారం ఆడవాళ్లందరూ వరసలో వచ్చారు. ఒక్కొక్కరూ ఒక ఎర్ర పుస్తకం తీసుకుని, బయటికి కనబడేలా చంకన పెట్టుకున్నారు. సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచాడు.

"ఏంది మేడం, అందరికీ టీబీయేనా?"

వాళ్లు తీసుకుంటున్నారు, నేనిస్తున్నానండీ అన్నాను. అతను ఒక్కో మొహమే చూసుకుంటూ పోయాడు. ఎవరి మీద ఆగాలో అతనికి తెలియలేదు. అందరినీ పంపిస్తే ఇటుకలు మోసేదెవరు?

అంతటితో అయిపోయిందనుకున్నాను. ముసలామె మనవరాలిని ఒళ్లో వేసుకుని నా బల్ల ముందు చతికిలబడింది. గట్టిగా, అందరికీ వినబడేలా అడిగింది.

"నాకు దగ్గు బీమారి ఉన్నదనుకో. పసిపిల్లకు నేను చన్ను ఇయ్యొచ్చునా?"

ఆమె నెత్తి ముగ్గుబుట్టలా ఉంది. వెనకనున్నవాళ్లు పకపకా నవ్వారు, సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. నాకూ నవ్వు రాబోయి, ఆమె కళ్లు చూసి ఆగిపోయింది.

ఇవ్వొచ్చని చెప్పాను. పాలలోంచి ఆ జబ్బు రాదు. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేయించుకోవాలి, పిల్లనూ చూపించాలి. మందులు అక్కడే పైసా లేకుండా ఇస్తారు. మందులు వేసుకుంటూ, మూతికి గుడ్డ కట్టుకుని పాలివ్వొచ్చు.

ఆమె పక్కకు జరిగింది. తర్వాతి ఆవిడ ముందుకు వచ్చి అదే ప్రశ్న అడిగింది. ఆమె పిల్లలు పెళ్లీడుకొచ్చినవాళ్లు. నేను మళ్లీ అదే జవాబు చెప్పాను. తర్వాత పెళ్లికాని పిల్ల అడిగింది. ఆ తర్వాత పిల్లలే లేని ఆవిడ అడిగింది. నవ్వులు ఆగిపోయాయి. పెట్టె మీట నొక్కితే లంబాడీలో ఇదే మాట వస్తుంది, కానీ వాళ్లకు కావలసింది అది మనిషి నోటి నుంచి, పగటిపూట, ఆ సూపర్‌వైజర్ ముందే రావడం. పైకి పలికిన కొద్దీ మాట ఇంకా గట్టిగా వచ్చింది నాకు.

సూపర్‌వైజర్‌కు విసుగు పుట్టింది. ఫోను చూసుకుంటూ గేటు వైపు నడిచాడు. నిజంగా వెళ్లాడా, గోడ పక్కన ఆగి వింటున్నాడా అని తల తిప్పి చూశాను.

మళ్లీ ఇటు తిరిగేసరికి వరస ఇంకా ఉంది. బాలింత ఆ వరసలో లేదు. ఆమె నన్ను ఏమీ అడగలేదు, పుస్తకం కూడా తీసుకోలేదు. కొంగుతో ముక్కూ నోరూ బిగించి కట్టుకుని, నీళ్ల డ్రమ్ము దగ్గరి నుంచి నడిచి వచ్చి, అత్త ముందు చేతులు చాపింది. ముసలామె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది, నేను చెప్పింది నిజమేనా అన్నట్టు. తర్వాత పిల్లను కోడలి చేతుల్లో పెట్టింది.