మా అత్తగారి మొక్కు, మా ఆయన స్వేచ్ఛ

మా ఆయన అస్తిత్వవాదంలో పడ్డాడని తెలిసినప్పుడు, పడ్డది వాదంలోనా, ఇంకెవరి వలలోనా అని నాకు అనుమానం వచ్చింది. ఆయన జగిత్యాలలో జూనియర్ కాలేజీ లెక్చరర్. మేముండేది కోరుట్లలో. ఆదివారాలు జగిత్యాలలో కొందరు రచయితలు, ఒక చిత్రకారుడు కూడి పుస్తకాలు చదువుకుంటారు. అక్కడికి ఉన్నవాటిలో మంచి చొక్కా తొడుక్కుని వెళ్లేవాడు. పుస్తకాలకు ఇస్త్రీ చొక్కా ఎందుకని అడిగితే నవ్వుతూ బండి తీసేవాడు.

ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. మనిషి ముందు పుడతాడు, తానెవరో తర్వాత తానే తయారు చేసుకుంటాడు, నుదుట రాసి పెట్టిందంటూ ఏదీ లేదు అన్నారు. యుద్ధాలలో ఊళ్లు తగలబడి, దేవుడి మీదా పెద్దల మీదా నమ్మకం పోయినవాళ్లకు ఆ ఆలోచన ఆసరా అయిందట. కథ లేని నాటకాలు, ముఖం లేని మనుషుల బొమ్మలు, గదిలో ఒక్కడే కూర్చుని తనతో తాను మాట్లాడుకునే నవలలు ఆ దారినే వచ్చాయట. అంతవరకు బాగుంది. తర్వాత ఒక కవి తన ఒంటరితనం మీద కవిత చదివాడు. బాత్రూమ్ కోసం వరుసలో నిలబడేంత మంది ఉన్న ఇల్లు ఆయనది. ఆ ఇంట్లో ఒంటరితనం ఎక్కడ దొరికిందో! నాకు ఒక్కరి మీదా నమ్మకం కుదరలేదు.

అసలు గొడవ మా అత్తగారి మొక్కుతో వచ్చింది. మా ఆయనకు చిన్నప్పుడు జ్వరం ముదిరి స్పృహ తప్పితే, బతికితే వాడి చేతనే కోడెను కట్టిస్తానని ఆవిడ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి, అంతే. ఏదో ఒక అడ్డం వచ్చి అది వాయిదా పడుతూనే ఉంది. ఇంట్లో మిక్సీ కాలినా, బండి పంక్చరైనా, తీరని మొక్కు వల్లేనంటుంది ఆవిడ.

"గీ సోమవారం పోదాం కొడుకా," అంది ఒకరోజు.

"నేను మొక్కలేదు కదనే అమ్మా, నువ్వు మొక్కినవ్. నా పేరు మీద ఇంకోలు ఒప్పుకున్నది నన్నెట్ల కట్టేస్తది?"

"నువ్వు బతికినవ్ కదరా," అని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ ఏడుపు కన్నా ఆయన మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. మా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచాలంటాం, పక్కగదిలో ఆ సాంచాలు నడుస్తుండగానే నా పెళ్లిచూపులు జరిగాయి. "పిలగాడు నచ్చిండా?" అని మగపెళ్లివాళ్లు నన్ను అడిగితే, ఆ చప్పుడులో గట్టిగా "నచ్చిండు" అని అరిచింది మా అమ్మ. ఆయన తరఫున ఒప్పుకున్నది మా అత్తగారు. ఇంకొకరు ఒప్పుకున్నది చెల్లదంటే మా పెళ్లి మాటేమిటి? ఇన్నాళ్ల చదువు, ఆ చొక్కాలు దీనికోసమేనా?

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడేమోనని చూస్తూ, అన్నం వడ్డించేటప్పుడు అడిగేశాను. "మరి మన లగ్గం? అది గూడ మీ అమ్మనే ఒప్పుకున్నది."

ఆయన ముద్ద ఆపాడు. "అప్పుడు ఒప్పుకోలే. తర్వాత ఒప్పుకున్న. రోజూ ఒప్పుకుంటనే ఉన్న."

"రేపు ఒప్పుకోకపోతే?"

"గా భయం అందరికుంటది," అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు? నువ్వెప్పుడన్న ఒప్పుకున్నవా?" అన్నాడు.

నన్ను అంతవరకు ఎవరూ అడగని మాట అది. ఒప్పుకున్నానని చెప్పబోయాను, ఎప్పుడంటే ఏ రోజూ గుర్తు రాలేదు. ఆయనకు కాపలా కాయడంలో పడి నా సంగతి చూసుకోనే లేదు. భయమేసింది, కోపమూ వచ్చింది. "ఆలోచించి చెప్త," అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. స్వేచ్ఛ తనొక్కడికే వచ్చిందనుకున్నాడు కాబోలు. మర్నాటి నుంచి అనుమానం ఆయనకు పట్టుకుంది. ఫోన్ మోగితే ఎవరని అడుగుతాడు. రాయికల్‌లో మా చెల్లెలింటికి వెళ్తే, చేరానో లేదోనని ఫోన్ మీద ఫోన్. టీ తాగుతూ "ఆలోచించినవా?" అంటాడు. "ఆలోచిస్తున్న," అంటాను.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన జగిత్యాల వెళ్లలేదు. "రేపు వేములవాడ పోదామే అమ్మా," అన్నాడు. అత్తగారి ఆనందం చెప్పతరం కాదు. గుళ్లో తాడు తనే పట్టుకున్నాడు, కోడెను తిప్పి కట్టేశాడు. పని అయిపోయినా కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏం మొక్కినవ్?" అని అడిగాను.

"ఏం లేదు," అన్నాడు చూపు తప్పించి.

తిరుగు బస్సులో అత్తగారు కునుకు తీస్తుంటే, నా చెవి దగ్గర మెల్లగా అడిగాడు, "ఇంకా ఆలోచిస్తున్నవా?"

అవునన్నాను. ఆయన్ని ఆడించడానికి కాదు, నాకు నిజంగానే తెలియలేదు.