హెడ్‌క్లర్క్ గారి అరచెయ్యి

నేను పాఠాలు చెప్పే బడి హెడ్‌క్లర్క్ గారు నా పెళ్లికి కానుకేమీ తేలేదు. మర్నాడు మిడిల్ పాయింట్ పేటలో మా ఇంటికి నామినీ ఫారం పట్టుకొచ్చారు.

"పెళ్లయింది కదా బేటీ, అమ్మ పేరు తీసి మీ ఆయన పేరు రాయాల."

నేను సంతకం చేయబోతుంటే, 'ఉద్యోగి మరణించిన పక్షంలో' అన్న వాక్యం మీద అరచెయ్యి పరిచారు.

"ఇది చదవక్కర్లేదు. బస్, అంతే, ఇక్కడ సంతకం పెట్టు."

పాప పుట్టాక మళ్లీ వచ్చారు. పాపను నామినీగా, మా ఆయనను సంరక్షకుడిగా రాయించారు. అప్పుడూ అరచెయ్యి కాగితం మీదే ఉంది.

"ఏం దాస్తున్నారు అంకుల్?" అని మా ఆయన నవ్వారు.

ఫీనిక్స్ బే జెట్టీలో, ఓడ టికెట్ లైనులో నిలబడి ఉండగానే మా ఆయన గుండె ఆగిపోయింది. ఆయన పోయిన మూడో ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో హెడ్‌క్లర్క్ గారు కొత్త ఫారం నా ముందు పెట్టారు. అలవాటుగా చెయ్యి చాపి, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఈసారి చదవాల, బేటీ."

చదివాను. నేనూ పోతే పాపను ఎవరు చూసుకోవాలో రాయమని ఉంది. అక్క పేరు రాశాను. అక్షరాలు బోర్డు మీద రాసినట్టే గుండ్రంగా వచ్చాయి.