పెరటి తలుపు మీద రెండో గీత

పాత ఇనుము గోదాములో లారీలు తూచే మనిషిని అందరూ కాటాయన అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. డ్రైవర్లు మాత్రం చాటుగా ఇంకో పేరు పెట్టుకున్నారు: రెండు సంతకాలు. ఖాళీ లారీని ఒకసారి, సరుకెక్కాక ఒకసారి తూచి, చీటీ మీద ఆయన సంతకం పెడితే చాలదు. గేటు దగ్గరి ముసలాయన కూడా వచ్చి, కాటా ముల్లు చూసి, రెండో సంతకం పెట్టాలి. అప్పుడే గేటుకి అడ్డంగా కట్టిన గొలుసు దిగేది. ముసలాయన టీకి వెళ్ళాడంటే లారీ అక్కడే నిలబడాలి. వెనక ఆగిన లారీలు హారన్లతో చెవులు తూట్లు పొడుస్తున్నా ఈయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"బాబాయ్, ముల్లు నీ ఎదురుగా ఉంది. నువ్వు చూశావు, నేను చూశాను, ఆ పైవాడూ చూశాడు. ఇంకెవరు చూడాలి?" అని డ్రైవర్లు నెత్తీ నోరూ బాదుకునేవారు.

"పైవాడికి సంతకం రాదు," అనేవాడు కాటాయన.

ఉద్యోగాన్ని సాయంత్రం గేటు దగ్గర వదిలి రావడం కొందరికి చేతకాదు. చొక్కాకి అంటిన తుప్పుతో పాటు దాన్నీ ఇంటికి మోసుకొస్తారు. కాటాయన అలాగే మోసుకొచ్చాడు. మోసింది మాత్రం ఎక్కువగా ఆయన భార్య.

వాళ్ళది రెండు గదుల ఇల్లు, వెనక ఓ పెరడు. పెరడంటే మరీ పెద్దదేమీ కాదు. ఒక నిమ్మచెట్టు, బట్టలుతికే బండ, నీళ్ళ తొట్టి, ఆ గోడ నుంచి ఈ గోడకి దండెం. దండెం చివర ఉన్న గోడకి అవతల కుట్టుమిషన్ ఆవిడ ఇల్లు. ఆవిడ మిషను శబ్దం పొద్దస్తమానం వినిపిస్తూనే ఉండేది. పిల్లలు లేని ఇంట్లో ఆ చప్పుడు కూడా ఓ మనిషి తోడే.

పిట్టల సంగతి మొదలుపెట్టింది భార్యే. పెళ్ళయిన కొత్తల్లో ఓ ఉదయం జెముడుకాకి గోడ మీద కూర్చుని, అద్దెకి ఇల్లు చూడ్డానికొచ్చిన మనిషిలా పెరడంతా కలియజూసింది. "ఏవండీ, మనింటికి చుట్టాలెవరూ రారు కదా. వచ్చిన ఈ రెక్కల చుట్టాల పేర్లన్నా రాసి పెట్టుకుందామా?" అందావిడ. కాటాయనకి ఆ మాట నచ్చింది. చీటీలు రాసే నీలం పెన్సిలు తెచ్చి, పెరటి తలుపు లోపలి వైపు రాశాడు: జెముడుకాకి. ఆ తర్వాత కాకి, పిచ్చుక, గోరువంక, పావురం. తలుపు మెల్లమెల్లగా నిండసాగింది.

రాసేది ఆయన గనక రూలు కూడా ఆయనే పెట్టాడు. మన పెరట్లో నిలబడి చూసిందే లెక్క. వీధిలో చూసింది చెల్లదు. ఇద్దరూ చూడాలి, ఒకరు చూస్తే కుదరదు. ప్రతి పేరు పక్కనా రెండు నిలువు గీతలు. మొదటిది ముందు చూసినవాళ్ళది, రెండోది తర్వాత వచ్చి చూసినవాళ్ళది.

"ఇదేమన్నా ఇనుమా, తుక్కా, సంతకాలు పెట్టడానికి?" అని నవ్వింది భార్య.

"రాతంటూ రాశాక పద్ధతిగా ఉండాలి."

ఆ పద్ధతి ఎలా నడిచిందో చెప్పాలి. సెలవు రోజు కాటాయన పెరట్లో కూర్చుని, "ఇదిగో, పరుగున రా! తేనెపిట్ట!" అని కేకేసేవాడు. ఆవిడ పొయ్యి మీదది పొయ్యి మీదే వదిలేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చేది. అప్పటికి పిట్ట ఉండేది కాదు. నిమ్మకొమ్మ మాత్రం ఊగుతూ ఉండేది. ఆయన వేలు పెట్టి చూపించిన వైపు ఆవిడ కళ్ళు చికిలించుకుని చూసి, "ఆఁ, చూశాను, చూశాను. రాయండి," అని తన గీత గీసేసి లోపలికి పరుగెత్తేది. లోపల కూర అడుగంటి ఉండేది. ఆ మాడు కూరకి తిట్లు కూడా ఆవిడకే.

ఆవిడ చూడలేదని ఆయనకి తెలియదా? తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. గోదాములో గేటు ముసలాయన కూడా అంతే. కళ్ళజోడు తెచ్చుకోవడం మరచిపోయిన రోజు, "నువ్వు పెట్టావుగా, నాకింకేం కావాలి?" అంటూ సంతకం గిలికేసేవాడు. రెండో సంతకమంటే మొదటివాడి మాట నమ్మడమేనని కాటాయన ఏనాడూ ఆలోచించలేదు. ఎప్పుడూ మొదటి సంతకం పెట్టేవాడికి ఆ ఆలోచన ఎందుకొస్తుంది?

ఓ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏవండీ, లకుముకి వచ్చింది! దండెం మీద కూర్చుంది. నీలం అంటే నీలం కాదు, చెప్పలేను. తొట్టిలోకి తొంగి తొంగి చూసిందండీ, మీ బనీన్ల మధ్య చేపలున్నాయేమోనని!"

కాటాయన చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాక అప్పుడు మాట్లాడాడు. "చెరువు లేదు, కాలవ లేదు. ఇక్కడ లకుముకికి ఏం పని?"

"దాని పని నాకేం తెలుసు? వచ్చింది. చూశాను. రాయండి."

"నేను చూడలేదుగా."

"నేను చూశానుగా."

"పాలపిట్టని చూసి అనుకుని ఉంటావులే. అదీ నీలమేగా."

ఆవిడ కాసేపు తలుపు వంక చూసింది. ఆయన చూశానన్నవి, తను గీత గీసినవి, వరసగా కళ్ళ ముందే ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని వేలెత్తి చూపినా ఆయన నోరు పెగిలేది కాదు. ఆవిడ చూపించలేదు. "సరే లెండి," అని కంచం పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఏ పిట్ట గురించీ తనంతట తాను చెప్పలేదు. ఆయన పిలిస్తే వచ్చేది, చూశానంటూ గీసేది, వెళ్ళేది. మొదటి గీత మాత్రం మళ్ళీ గీయలేదు. కాటాయన దాన్ని గమనించలేదు. అసలు గమనించి ఉంటే ఈ కథే లేదు.

చివరి జబ్బులో ఆవిడ మంచం పెరటి కిటికీ పక్కన వేశారు. జ్వరం వదలకుండా పట్టుకుంది. కుట్టుమిషన్ ఆవిడ పని మానుకుని పగలంతా దగ్గర కూర్చునేది. ఒక మధ్యాహ్నం కాటాయన మందులు పట్టుకుని గదిలోకి రాగానే రోగి కళ్ళు తెరిచింది. ఎన్నాళ్ళకో తనంతట తాను చెప్పింది.

"ఇందాక కిటికీ చువ్వ మీద ఓ పిట్ట వాలిందండీ. బొటనవేలంతే ఉంది. ఒళ్ళంతా తెలుపు, తోక ఒక్కటే ఎరుపు. భయం లేకుండా నా వంకే చూసింది. దాన్నేమంటారు?"

"అలాంటి పిట్ట ఉండదు," అన్నాడు కాటాయన మాత్ర విప్పుతూ. "జ్వరం నెత్తికెక్కింది నీకు. ఇది మింగి పడుకో."

"ఎక్కిందేమోలెండి," అని ఆవిడ గోడ వైపు తిరిగింది.

ఆ తర్వాత కూడా ఆవిడ మాట్లాడింది. నీళ్ళడిగింది, దుప్పటి అడిగింది, పాలవాడొచ్చాడా అంది. కానీ ఆవిడ పోయాక కాటాయన చెవుల్లో మిగిలిపోయింది మాత్రం ఆ 'ఎక్కిందేమోలెండి' ఒక్కటే. కోపంగా అని ఉంటే ఇంత సలపరం ఉండేది కాదు.

తలుపు మీద రాత అక్కడితో ఆగిపోయింది. గువ్వల జంటలు వచ్చేవి, గోడ మీద అడ్డమైన పిట్టలూ వాలేవి. ఓసారి అంతవరకూ ఎప్పుడూ రాని వడ్రంగిపిట్ట కరెంటు స్తంభాన్ని టకటకలాడించింది. అలవాటు కొద్దీ "ఇదిగో, పరుగున రా!" అని అరిచేశాడు. వంటింట్లోంచి ఎవరూ రాలేదు. గోడ అవతల మిషను చప్పుడు మాత్రం టక్కున ఆగింది. ఆయన సిగ్గుపడి లోపలికి వచ్చేశాడు. వడ్రంగిపిట్టని రాయలేదు. రెండో గీత గీసేవాళ్ళేరీ?

ఇలా ఉండగా గోదాముకి కొత్త కాటా వచ్చింది. ముల్లు లేదు. లారీ ఎక్కగానే గాజుపెట్టెలో ఎర్ర అంకెలు వెలుగుతాయి, చీటీ దానంతటదే బయటికొస్తుంది. మేనేజరు కుర్రవాడు ఓ చీటీ చింపి చూపించాడు.

"ఇక రెండు సంతకాల గొడవ లేదు బాబాయ్, నీదొక్కటి చాలు. గేటు తాత రేపట్నుంచి గేటు చూసుకుంటే చాలు."

"రెండో సంతకం?"

"ఎందుకు?"

కాటాయన చీటీ అందుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు. ఇన్నేళ్ళూ డ్రైవర్లు అడిగితే హాస్యమాడి తప్పించుకున్నాడే గానీ, అదెందుకో ఆయన ఎవరినీ అడగలేదు. డ్రైవరొకడు కిటికీలోంచి తల బయటపెట్టి, "అయిపోయింది బాబాయ్, నీకిక సగం పేరే మిగిలింది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. తన ఇంటిదాని మాట కన్నా గొప్పదనుకుని తలకెత్తుకున్న పద్ధతిని, పాతికేళ్ళయినా నిండని కుర్రాడు పూచికపుల్లలా తీసి పారేశాడు. దాన్ని ఆపడానికి ఒక్కడంటే ఒక్కడు చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా నేరుగా పెరటి తలుపు దగ్గరికి వెళ్ళాడు. జేబులో నీలం పెన్సిలు ఉంది. చివరి పేరు కింద రాయడం మొదలుపెట్టాడు. ల. కు. ము. చూసిందో లేదో నాకనవసరం. చూశానంది, అంతే చాలు. ఆ మాట మనసులో అనుకోగానే ఆయనకి ఏడుపూ వచ్చింది, ఏదో బరువు దించుకున్నట్టూ అయింది.

"ఏం రాస్తున్నారన్నయ్యగారూ?"

గోడ మీంచి కుట్టుమిషన్ ఆవిడ. చేతిలో ఆరేయబోతున్న గుడ్డ. తెరిచిన తలుపు మీద రాత ఆవిడకి కనిపిస్తోంది.

"లకుముకేనా? హమ్మయ్య, ఇన్నాళ్ళకి! ఆ రోజు అదెంత ముద్దుగా కూర్చుందనుకున్నారు, తొట్టిలోకి చూస్తూ..."

పెన్సిలు ఆగిపోయింది. "నువ్వు చూశావా అమ్మా?"

"చూడకేం? వదిన సైగ చేసి పిలిచింది. ఇద్దరం ఈ గోడకి చెరోవైపూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం."

"మరి చెప్పలేదేం? ఒక్క మాట చెబితే ఆ రోజే రాసేవాణ్ణిగా!"

"చెబుతానన్నాను. వదినే ఒట్టు పెట్టించుకుంది." ఆవిడ గుడ్డని చేతుల్లో మడతలు పెట్టింది, విప్పింది. "'నువ్వు సాక్ష్యం చెబితే రాస్తారని నాకు తెలుసు. అలా రాసే రాత నాకెందుకు? నేను చెప్పానని రాయాలి' అంది. ఇప్పుడావిడే లేదు, ఇంకా ఒట్టేమిటని నోరు జారాను. తప్పా అన్నయ్యగారూ?"

ఆవిడ తప్పేముంది? మంచికే చెప్పింది. ఇంకొక్క అక్షరం రాసి, ఆ పక్కన ఓ గీత గీసేవరకూ మిషను ముందు నుంచి లేవకుండా ఉంటే చాలు, భార్య కోరింది నెరవేరేది. ఇప్పుడు సాక్షి దొరికింది. సాక్షి దొరికాక ఇక నమ్మేదేముంది? భార్య మాట నమ్మే చోటు కూడా ఆయన కాళ్ళ కింద నుంచి జారిపోయింది.

"రాయండి, పూర్తి చేయండి. కావాలంటే ఆ రెండో గీత నేను వచ్చి గీస్తాను," అంది కుట్టుమిషన్ ఆవిడ.

"వద్దమ్మా."

అక్షరాలు మూడూ తలుపు మీద అలాగే ఉండిపోయాయి. ఆయన ఉతికే బండ మీద కూలబడ్డాడు. దండెం మీద ఆయన చొక్కా ఒక్కటే వేలాడుతోంది. ఆవిడ వెళ్ళలేదు, గోడ పట్టుకుని నిలబడే ఉంది.

కాటాయన తలెత్తాడు. "జ్వరంలో ఉండగా ఓ రోజు, కిటికీ చువ్వ మీద పిట్ట అంది. తెల్లగా, ఎర్ర తోకతో. నువ్వు అప్పుడు గదిలోనే ఉన్నావుగా?"

"ఉన్నాను. మంచం పక్కనే ఉన్నాను."

"చూశావా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. అవునంటే ఈయన ప్రాణానికి హాయిగా ఉంటుందేమో, కాదంటే ఏమవుతుందో అని తటపటాయించింది. చివరికి అబద్ధం ఆడలేకపోయింది. "లేదన్నయ్యగారూ. నేను కిటికీ వైపే చూస్తున్నాను. చువ్వ మీద ఏమీ లేదు. జ్వరంలో ఏదో అనుకుంది పిచ్చిది."

"నిజమేనా? బాగా గుర్తుందా?"

"నిజం. ఏమీ లేదు."

కాటాయన లేచాడు. "మంచిది తల్లీ," అన్నాడు. ఆవిడకేమీ అర్థం కాలేదు.

తలుపు దగ్గరికి వెళ్ళి, సగం మిగిలిన పేరు కింద, పిల్లలు రాసినంత పెద్ద అక్షరాలతో రాశాడు: తెల్ల పిట్ట, ఎర్ర తోక. పక్కన భార్య గీయాల్సిన మొదటి గీత చోట పెన్సిలు ఆనించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చోటు అలాగే ఖాళీగా వదిలి, దాని పక్కన రెండో గీత గీశాడు.