దిష్టి తగిలిన ఎలుక ప్రొటీన్

బోయిన్‌పల్లి వీరయ్య ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే, దాన్ని వాడడం కంటే చూపించడం ముందు. మిక్సీ కొన్న రోజు అందులో పచ్చడి పడకముందే వాడకట్టంతా వచ్చి చూసి, చాయ్ తాగి పోయింది. అలాంటి మనిషికి బొల్లారం దగ్గర ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో స్టోరు చూసుకునే ఉద్యోగం దొరికింది. గ్లౌజుల పెట్టెలు, గాజు గొట్టాలు ఎవరికని చూపిస్తాడు పాపం? ఏళ్ల తరబడి ఆ లోటు మోస్తూనే ఉన్నాడు.

ఆ లోటు తీర్చడానికే అన్నట్టు, ఒకరోజు విదేశం నుంచి పొగలు కక్కుతూ పెద్ద అట్టపెట్టె దిగింది. డ్రై ఐసంతా తోడి చూస్తే అడుగున వేలెడంత సీసా, అందులో ఉందా లేదా అన్నట్టు చిటికెడు తెల్లపొడి. పరిశోధన చేస్తున్న హిమజ కోసం వచ్చిన ఎలుక ప్రొటీన్ అది. ఎలుక ఒంట్లో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే సరుకు. దాన్ని ఎలుక నుంచి తియ్యలేదు, ఎలుక జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేయించారు. ఖరీదు విని వీరయ్య స్టూలు మీద కూలబడ్డాడు. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే కాబోలనుకున్నాడు.

హిమజ ఆ పొడిని కరిగించి, చిన్న గొట్టాల్లో పంచి, పెట్టెలో సర్ది డీప్ ఫ్రీజర్‌లో పెట్టింది. తను తప్ప ఎవరూ వాడొద్దనీ, మాటిమాటికీ తీసి వాడితే పాడైపోతుందనీ చెప్పింది. వీరయ్య ఆ మాట తలకెక్కించుకుని ఫ్రీజర్‌కు తాళం వేశాడు. ఆ అమ్మాయి వాడొద్దంది కాని, చూపించొద్దనలేదు కదా.

పైగా డైరెక్టర్ రఘునాథ్‌ది కూడా అదే జబ్బు. విరాళాలిచ్చేవాళ్లు వచ్చినా, ట్రస్టు సభ్యులు వచ్చినా, వాళ్ల బావమరుదులు వచ్చినా, శాలువా కప్పడం అయ్యాక వీరయ్యకు పిలుపు వచ్చేది. పెట్టె చేతులు మారేది, ఫొటోలు దిగేవాళ్లు, చాయ్ అయిపోయాక మళ్లీ ఫ్రీజర్‌లోకి చేరేది. ఇంతమంది కళ్లు పడుతున్నాయని వీరయ్య ఫ్రీజర్ పిడికి నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టాడు. తన జాగ్రత్తకు తనే మురిసిపోయాడు.

అక్కడ హిమజ పెంచుతున్న కణాలు చస్తున్నాయి. ఎలుకల మూలుగ నుంచి తీసిన ఆ కణాలు ప్రొటీన్ కబురందితే పెరిగి కొమ్మల్లా చేతులు చాపాలి. చాపలేదు. మందులు మార్చింది, ఎలుకల్ని మార్చింది, చివరికి తన చేతుల మీద తనకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం డైరెక్టర్‌కు ముందే వచ్చింది. ఆమెను ప్రాజెక్టు నుంచి తీసెయ్యడానికి ట్రస్టు సభ్యుల కమిటీని పిలిచాడు. తీసేస్తే పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే.

మీటింగుకు ముందు ఆమె స్టోరులో కూర్చుని ఏడుస్తుంటే వీరయ్య మంచినీళ్ల గ్లాసు తెచ్చిచ్చాడు.

“దిష్టి తగిలింది బిడ్డా. ఎంతమంది సూసిన్రు దాన్ని.”

హిమజ ఏడుపు ఆపింది. “ఎవరు సూసిన్రు అంకుల్?”

వీరయ్య ఎవరెవరికి తీసి చూపించాడో ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి మధ్యలోనే ఆగిపోయాడు.

“సూసినోళ్ల దిష్టి కాదు. సూపెట్టిన చేతిది,” అంది హిమజ. “కరిగి, గడ్డకట్టి, మళ్ల కరిగి... అది ఎప్పుడో సచ్చిపోయింది అంకుల్.”

వీరయ్యకు సొంత చేతులతో ఆ పిల్ల చదువు తీసి అందరికీ పంచినట్టనిపించి, ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కమిటీ ముందు హిమజ గ్రాఫులు పెట్టి, ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. సభ్యులు గడియారాలు చూసుకున్నారు. అప్పుడు వీరయ్య పిలవకుండానే లోపలికి వచ్చాడు.

“తప్పు నాది సార్. దానికి దిష్టి తగిలింది. బయటికి తీసినప్పుడల్లా జెర జెర సచ్చింది.”

గ్రాఫులకు అర్థం కానిది దిష్టి అనగానే అందరికీ అర్థమైంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో పెట్టె పట్టుకుని ఫొటో దిగనివాడు లేడు మరి. ఒక పెద్దమనిషి ఫోను తీసి, తన ఫొటోను చప్పుడు కాకుండా చెరిపేసుకున్నాడు. హిమజను ఉంచాలని, కొత్త సీసా తెప్పించాలని, దాన్ని ఎవరికీ చూపించకూడదని తీర్మానించారు. పిలిచి మరీ చూపించమన్న డైరెక్టర్ వీరయ్యకు మెమో ఇచ్చాడు. వీరయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కొత్త సీసా వచ్చింది. వీరయ్య దాని వంక కన్నెత్తి చూడలేదు. కొన్నాళ్లకు హిమజ పరుగున స్టోరుకొచ్చి, కణాలు చేతులు చాపాయని, మైక్రోస్కోపులో చూడమని పిలిచింది. ఆయన గుమ్మం దాటనన్నాడు.

“నేను సూడ బిడ్డా. నాది మంచి కన్ను కాదు.”

“ఇది సూస్తే ఏం కాదంకుల్. మీకు సూపెట్టాలని నాకే ఉంది.”

వీరయ్య చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి మైక్రోస్కోపు మీదికి వంగాడు. జీవితమంతా ఎందరికో ఎన్నో చూపించాడు కాని, ఆయన్ను పిలిచి ఎవరైనా ఒకటి చూపించడం అదే మొదటిసారి.