మంచుకొండ చిలుకలకు ముత్తన్న కట్టిన తీగ

సంగెం ముత్తన్న, వయస్సు నలభై తొమ్మిది సంవత్సరములు, స్వస్థలం జగిత్యాల జిల్లా, ప్రస్తుత నివాసం బహ్రెయిన్‌లోని జిదాఫ్స్. ఈ లేఖకుడు సదరు వ్యక్తిని పదహారు సంవత్సరములుగా ఎరుగును. ఈ దేశంలోనే సఖీర్ అనే చోట కట్టడపు పని జరిగిన రోజులలో ఇద్దరూ ఒకే క్యాంపులో, ఒకే గదిలో ఉన్నారు. అతని నడవడిలో దాచవలసినది ఏదీ లేదు గనుక జరిగినది జరిగినట్లుగా తెలియజేయడమైనది.

ముత్తన్నది రాడ్డు కట్టే పని. ఇనుప చువ్వలను అడ్డంగా, నిలువుగా పరచి, అవి కలిసే ప్రతిచోటా తీగ చుట్టి, కొక్కెంతో మెలి తిప్పి బిగించేవాడు. కాంక్రీటు పోసేటప్పుడు పదిమంది తొక్కినా అతని ముడి జారేది కాదు. నడుము పట్టేసి వంగడం కష్టమైన తరువాత ఆ పని విడిచి, జిదాఫ్స్ పక్కన ఖర్జూరపు తోట గల అబూ యాసిన్ గారి వద్ద పక్షులను చూచుకొనే కొలువులో చేరాడు.

అబూ యాసిన్ గారు పక్షులంటే ప్రాణం పెట్టే మనిషి. ఒక చలికాలంలో ఆయన యూరప్‌లోని ఒక కొండ ఊరి నుండి రెండు చిలుకలను కాగితాలన్నీ సక్రమంగా ఉంచి తెప్పించారు. ముహర్రక్ విమానాశ్రయం నుండి వాటి పెట్టెను ముత్తన్నే ఒడిలో పెట్టుకొని తెచ్చాడు. వాటి జాతి పేరు కీయా అనీ, వాటి పూర్వులది న్యూజిలాండ్ మంచుకొండలనీ డ్రైవరు భూమేష్‌కు దారిలో చెప్పాడు.

"కీయా అంటే కారు గదనే అన్నా?" అన్నాడు భూమేష్.

"కారే అనుకో. దీనికి సుత ఏసీ గావాలె."

అది వేళాకోళానికి అన్న మాటే గాని నిజం. ఎండ ముదిరితే ఆ పక్షులు బతకవు. అందుకని అబూ యాసిన్ గారు తోటలో ఒక గదికి మందపాటి గోడలు పెట్టించి చల్లదనం ఏర్పాటు చేశారు. ముత్తన్న అంతటితో ఊరుకోలేదు. యజమాని ఫోనులో ఆ కొండల బొమ్మలు చూపించినప్పుడు అతడు చాలాసేపు చూశాడు. చెట్లు ఆగిపోయే ఎత్తు, అక్కడి నుండి పైకి ఉత్త రాళ్లు, రాళ్ల మీద మంచు, ఆ మంచులో దొర్లి ఆడుకుంటున్న పచ్చని చిలుకలు. అతడు జన్మలో మంచు చూడలేదు. అయినా కూలగొట్టిన గోడల కాంక్రీటు పెడ్డలు బండిలో తెచ్చి, గది మూలన ఒక గుట్ట పేర్చాడు. చేపల మార్కెట్టు నుండి ఐసు తెచ్చి, దంచి, పొద్దున్నే ఆ గుట్ట మీద పోసేవాడు. చిలుకలు వెల్లకిలా పడి ఆ ఐసులో కాళ్లు ఆడించేవి. రెక్క విప్పినప్పుడు లోపల నిప్పురంగు మెరిసేది. ముత్తన్న ముక్కాలిపీట వేసుకొని కూర్చుని, కడుపు నిండినట్లు చూచేవాడు.

వాటికి పేర్లు కూడా అతడే పెట్టాడు. పొడుగు ముక్కు గల మగది ఏది దొరికినా విప్పి, పీకి, మళ్లీ పేర్చబోయేది గనుక మేస్త్రి. ఆడది తల పక్కకు వాల్చి దాని పనిని తనిఖీ చేసేది గనుక ఫోర్‌మన్. తలుపు తీయగానే, "ఏం ఫోర్‌మన్ సాబ్, డ్యూటీ షురూ అయిందా?" అని పలకరించేవాడు. ఆమె అతని భుజం మీదికి దూకి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే ఊడదీసేది.

"అన్నా, నీ ఫోర్‌మన్ నా చెప్పు ఉంగటం తెంపింది. కొత్తయి ఎవరిత్తరు?" అని భూమేష్ ఒకనాడు తగాదాకు వచ్చాడు.

"గామెనే అడుగు."

"అడిగిన. ఇంకో చెప్పు సుత తెమ్మంటున్నది."

ఇంతటి తెలివే చేటు తెచ్చింది. గడియ ఎలా పెడితే అలా తీసేవి. కొక్కెం పెడితే ఎత్తేవి, బోల్టు బిగిస్తే మర తిప్పేవి. ఒకటి ముక్కుతో పట్టుకుంటే రెండవది లాగేది. వేసవి రాగానే అబూ యాసిన్ గారు, "ఇవి ఈ ఎండలో బయటపడితే ఖలాస్, ముత్తన్నా. తలుపు బాధ్యత నీది," అని చెప్పారు.

ముత్తన్నకు తెలిసిన ఉపాయం ఒక్కటే. తలుపుకూ చట్రానికీ తీగ వేసి, చువ్వలకు కట్టినట్లే మెలి తిప్పి కట్టాడు. కట్టడాలలో వాడే నల్ల తీగ అతని వద్ద చుట్టలుగా ఉంది. కాని గదిలో ఐసు తడి. నల్ల తీగ తుప్పు పడుతుంది. తుప్పు పక్షుల నోట పడకూడదు. ఇలా ఆలోచించి, తుప్పు పట్టని, తెల్లగా మెరిసే జీఐ తీగ కొని తెచ్చాడు. ఆ ముడి వాటికి లొంగలేదు. లొంగలేదు గనుకనే రోజంతా దానితో కుస్తీ పట్టేవి. వాటి పట్టుదల చూసి ముచ్చటపడి, మిగిలిన తీగతో ఉంగరాలు, గొలుసులు అల్లి గుట్ట మీద వేలాడదీశాడు. ఆ గొలుసులను ఎక్కువగా కొరికినది మేస్త్రి.

కొన్ని వారాల తరువాత మేస్త్రి నీళ్లు మాటిమాటికీ తాగసాగింది. తిండి ముట్టలేదు. గుట్ట ఎక్కబోయి తూలిపడింది. ఎండ వేడి లోపలికి తగులుతున్నదని ముత్తన్న ఇంకా ఐసు తెచ్చాడు, తలుపు సందులలో గోనెలు కుక్కాడు, దాన్ని ఒళ్లో పెట్టుకొని తడిగుడ్డతో కాళ్లు తుడిచాడు. రెట్ట ముదురు పచ్చగా మారిన పిమ్మట యజమాని పశువైద్యురాలు డాక్టర్ ఉమారాణి గారిని పిలిపించారు. ఆమె కాకినాడ వైపు మనిషి. ఎక్స్‌రే తీయించి, అందులో కడుపులో మెరుస్తున్న చిన్న తునకలను వేలితో చూపారు.

"ఈ తీగ ఎక్కడిదండీ, ముత్తన్న గారూ?"

"నేనే కట్టిన మేడం. తుప్పు వట్టదని మంచిది తెచ్చిన."

"తుప్పు పట్టకుండా దాని మీద జింకు పూత వేస్తారండీ. ఆ పూత చిలకలకి విషం."

ముత్తన్న ఎక్స్‌రే వైపే చూస్తూ అడిగాడు. "నల్ల తీగ కడితే మేడం?"

అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు. "బతికేదేమోనండీ," అన్నారు.

మందులు ఇచ్చారు. తునకలు తీయించారు. అయినా ఆలస్యమైపోయింది. మేస్త్రి ముత్తన్న అరచేతిలో తల పెట్టి, అతని బొటనవేలిని ముక్కుతో మెల్లగా పట్టుకొని, అలాగే పోయింది. చాలాసేపటి వరకు అతడు ఆ వేలు వదిలించుకోలేదు.

ఆ రోజే గదిలోని తీగనంతా అతడు తెంపి పారవేశాడు. ఫోర్‌మన్ కడుపులో ఏమీ లేదని డాక్టరు గారు ధ్రువపరిచారు. అయినా ఆ పక్షి ఇప్పుడు ఆడుట లేదు. గుట్ట పైకెక్కి ఒకసారి పిలుస్తుంది, జవాబు కోసం తల వాల్చి ఆగుతుంది, మళ్లీ పిలుస్తుంది. తన రొమ్ము మీది ఈకలు తానే పీకుకొంటున్నది. ముత్తన్న ఒకనాడు గడియ వేయక ఊరికే నిలబడ్డాడు. అది తలుపు వైపైనా చూడలేదు.

అబూ యాసిన్ గారు ఒక్క పరుషమైన మాట అనలేదు. "ఏడవకు. దీనికి జోడు ఇంకొకటి తెప్పిస్తాను. నువ్వే పెంచు," అన్నారు. తిట్టి ఉంటే తట్టుకొనేవాడినని ముత్తన్న ఈ లేఖకునితో అన్నాడు.

"జోడు తెత్తరట. నా చేతికే ఇత్తరట. ఈ చేతులతోనే గదనే నేను దాన్ని సంపింది."

"నీవు తెలిసి చేయలేదు ముత్తన్నా."

"దానికేం తెలుసు నాకు తెల్వదని? నేనిచ్చింది గాబట్టి కొరికింది."

ఆ పక్షులు పుట్టిన కొండ ఊరిలో అదే జాతివి గుంపుగా ఉన్నాయనీ, మిగిలిన దానిని తిరిగి తీసుకొనుటకు ఆ ఇంటివారు సమ్మతించారనీ డాక్టరు గారు విచారించి చెప్పారు. ఒంటరిగా ఉంటే అది ఈ వేసవి గడుపుట కష్టమని కూడా చెప్పారు. యజమాని అంగీకారం ఒక్కటే కావలసి ఉన్నది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఆ పక్షి మీద ఆయనకు గల ప్రేమ అట్టిది. ముత్తన్న రెండు పర్యాయములు ఆయన ఎదుట నిలబడ్డాడు. ఆయనతో మాట్లాడే హిందీ బాగుగా వచ్చిన మనిషే గాని, దానిని పంపివేయండి అని అడగలేకపోయాడు. ఎందుకనగా ఈ దేశంలో అతని భుజం మీదికి దూకి పలకరించే ప్రాణి అది ఒక్కటే.

కావున సంగెం ముత్తన్న తరఫున, డాక్టర్ ఉమారాణి గారు తర్జుమా చేసి వినిపించునట్లుగా, శ్రీ అబూ యాసిన్ గారికి సవినయంగా మనవి చేయునది ఏమనగా: ఫోర్‌మన్ అను ఆడ కీయా పక్షిని ఎండలు ఇంకా ముదరకముందే దాని జాతివి గల చల్లని కొండ ప్రాంతమునకు పంపుటకు అంగీకరించవలెను. దానికి జోడుగా ఇక్కడికి మరొక పక్షిని తెప్పించవద్దు. ఆ గది ఖాళీ అయిన మీదట తన కొలువు ఏమగునని అతడు అడుగుట లేదు. ఏ పని అప్పగించినను చేయగలడు, పక్షులను మాత్రము అతని చేతికి ఇవ్వవద్దని కోరుచున్నాడు. పెట్టెలో ఉంచునపుడు అది భయపడకుండుటకు అతనినే దగ్గర ఉండనిచ్చి, విమానాశ్రయములో పెట్టెను అప్పగించు వరకు వెంట వెళ్లుటకు అనుమతి దయచేయవలెనని ప్రార్థన.