అన్న గొంతుతో వచ్చిన ఫోను

దయ్యాలు, గాలి సోకడం అంటే నవ్వేదాన్ని. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా తాయెత్తు కట్టనివ్వను, దవాఖానకే తీసుకుపోతాను. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. మొగుళ్లపల్లిలో ఉండే మా అన్నకు ఊపిరితిత్తులు మార్చి ఏడు నెలలైంది. కొత్త ఊపిరితిత్తులను ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే మందుల వల్ల ఏ రోగమైనా తొందరగా పట్టుకుంటుంది. అందుకని దుమ్ములోకి, గుంపులోకి పోవద్దన్నారు డాక్టర్లు. రోజూ పొద్దున ఒక చిన్న యంత్రంలోకి గట్టిగా ఊదాలి. అంకె పడిపోతే ఆ రోజే దవాఖానకు రావాలి.

ఆ అంకె అన్న రోజూ జనగామలో ఉండే నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. ఒక్కనాడూ తగ్గలేదు. తర్వాత అన్న గొంతు బొంగురుపోయిందంటూ వదినే ఆ అంకె చెప్పడం మొదలుపెట్టింది. నమ్మాను.

ఒక మధ్యాహ్నం మా బట్టల దుకాణంలో ఫోన్ మోగింది. మా ఆయన ఎత్తి, మీ అన్న అంటూ నాకిచ్చాడు.

గొంతు తేటగా ఉంది. దగ్గు లేదు, ఆయాసం లేదు.

"చెల్లె, ఊదుతున్నది నేను కాదు."

అంతే, పెట్టేశాడు.

బస్సులు బంద్. మోటార్ సైకిల్ మీద పోయాం. అన్న గోడకానుకుని రొప్పుతున్నాడు, మాట పెగలడం లేదు. రోజూ పోయి దీక్షా శిబిరంలో కూర్చున్నాడట. అంకె తగ్గితే నేను మళ్లీ దవాఖానలో పడేస్తానని వదినతో ఊదించాడు.

"నీకెవలు చెప్పిండ్రు?" గుసగుసగా అడిగాడు.

"నువ్వే ఫోన్ చేసినవ్ గదా అన్నా."

అన్న వదిన వైపు తిరిగాడు. "ఒట్టు పెట్టుకోని గూడ చెప్పినవా?"

వదిన ఏడుస్తూ సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. పొద్దున ఆమె నాకు చేసిన కాల్ తప్ప ఆ రోజు అందులో ఇంకేమీ లేదు.

హైదరాబాద్ తీసుకుపోయాం. ఊపిరితిత్తుల్లో ఫంగస్ పాకిందన్నారు, ఆలస్యమైందన్నారు. పంతొమ్మిది రోజులు బతికాడు. ఆ పంతొమ్మిది రోజులూ వదిన చేతి నీళ్లు ముట్టలేదు.

నేనే అనుమానపడి, అన్న ఫోన్ చేశాడని కల్పించి తనను దోషిని చేశానని వదిన నాతో మాట్లాడటం మానేసింది. వాళ్లిద్దరూ రోజూ పొద్దున నాకు అబద్ధం చెప్పారన్న మంట నాకూ ఆరలేదు.

ఆ ఫోన్ ఎవరు చేశారో నాకు తెలియదు. అది బావ గొంతేనని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నిజమే, అన్న గొంతే. కానీ ఆ మధ్యాహ్నానికి ఆ గొంతు అన్న దగ్గర లేదు.